నెల సరుకుల ఖర్చు మెల్లగా తగ్గించేదెలా?

హైదరాబాద్‌లో ఉంటాం, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. పాలు, కూరగాయలు కాకుండానే కిరాణా 14 వేలు దాటుతోంది, నెలనెలా కొంచెం తగ్గించుకుంటూ 10 వేలకు దించాలని ఉంది, ఒక్కసారిగా కోత పెడితే ఇంట్లో గొడవే. సోనా మసూరి 25 కిలోల బస్తా, కందిపప్పు, నూనె ఎలాగూ తప్పవు. అసలు టెన్షన్ డెలివరీ యాప్‌లతో, కొత్తిమీర కట్ట కోసం తెరిస్తే ఫ్రీ డెలివరీకి ఇంకో వంద తక్కువైందని చిప్స్, బిస్కెట్లు కూడా వేసేస్తాం (ఫోన్ మా ఆయన చేతిలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు). ముందు దేంతో మొదలుపెట్టాలి? కందిపప్పు కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కొంటే నిజంగా కలిసొస్తుందా, పురుగు పట్టకుండా ఎలా దాస్తున్నారు? గానుగ నూనె మానేయమని మాత్రం చెప్పకండి, అత్తయ్య ఒప్పుకోరు.