నాన్న పేరు మీద లోను, నాన్నకే తెలియదు. ఏం చేయాలి?

మిర్చిరైతు కొడుకు:
మాది ఖమ్మం దగ్గర పల్లె. నాన్నకు 61 ఏళ్లు, నేను పుణెలో ఉద్యోగం. మొన్న ఆదివారం పొద్దున్నే ఎవడో ఫోన్ చేసి, "మీ ఫాదర్ రెండు ఈఎంఐలు ఎగ్గొట్టారు, ఇంటికి మనిషిని పంపమంటారా" అన్నాడు. 65 వేల పర్సనల్ లోనట. సొసైటీలో పంటరుణం తప్ప నాన్న కాగితం మీద ఇంకే అప్పూ చేయలేదు.

తవ్వితే తేలింది ఇది. ఐదు నెలల కిందట ఊరి వాట్సాప్ గ్రూపులో "పీఎం కిసాన్ కొత్త జాబితా, కేవైసీ చేయకపోతే ఈ విడత 2,000 ఆగిపోతుంది" అని ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) వచ్చింది. ముక్కూమొహం తెలియనివాడు పంపి ఉంటే నాన్న ముట్టుకునేవాడు కాదు. మార్కెట్లో బస్తా తూకం మూడుసార్లు చూసుకునే మనిషి. కానీ వచ్చింది సొసైటీలో ఎరువులు రాసే ఆయన నంబరు నుంచి. ఇరవై ఏళ్ల పరిచయం.

ఆధార్ అడిగింది, ఇచ్చాడు. పాన్ కార్డు ఫొటో అడిగింది, ఇచ్చాడు. మెసేజ్‌లు చూడ్డానికి అనుమతి అడిగితే నొక్కాడు. చివర్లో మొహం గుండ్రంలో పెట్టి రెప్పలు ఆర్పమందట. ఎండకు స్క్రీను కనపడక వేపచెట్టు కిందికెళ్లి మరీ ఆర్పాడు.

ఆ రాత్రే ఖాతాలోంచి 3,400 పోయాయి. పీడ విరగడైందనుకుని ఊరుకున్నాం. ఇప్పుడు ఈ రికవరీ వాడు "ముందు ఒక్క ఈఎంఐ కట్టండి, తర్వాత మాట్లాడదాం" అంటున్నాడు. కట్టేయమంటారా?

నల్లగొండ మీసేవ:
తమ్ముడూ, ఇదే గోడుతో మా సెంటర్‌కి తరచూ వస్తుంటారు. ఆ ఎరువులాయన పాపం ఏమీ పంపలేదు. ముందు ఆయన ఫోన్లో దూరారు, ఆయన వాట్సాప్ చేతికి రాగానే ఆయనున్న గ్రూపులన్నిటికీ అదే ఫైలు తోశారు. మెసేజ్‌ల అనుమతి ఇచ్చాక ఓటీపీ చెప్పమని ఎవరూ అడగక్కర్లేదు, దానంతటదే వాళ్లకు చేరిపోతుంది. 3,400 చిల్లర. వాళ్లకు దక్కింది ఆధార్, పాన్, మొహం, ఓటీపీ, నాలుగూ ఒకేచోట.

ఆ ఫోన్ ఇంకా వాడుతుంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ##002# నొక్కి కాల్ ఫార్వర్డింగ్ తీసేయండి. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్లో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. మొన్న ఒక పెద్దాయనకు ఐదు తేలాయి, వాడేది ఒక్కటే. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, ఆయన వేలిముద్ర, మొహంతో ఇంకెవరూ ఆధార్ వాడలేరు. ఆధార్ ఏ రోజు ఎక్కడ వాడారో హిస్టరీ కూడా చూడొచ్చు, కానీ ఆరు నెలలదే ఉంటుంది. ఐదు అయిపోయాయంటున్నావు కదా, ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయి.

అప్పులపద్దు:
లోన్ల కంపెనీలో నాలుగేళ్లు చేశాను. ఒక్క రూపాయి కూడా కట్టకండి. కట్టారంటే లోను మీదేనని మీరే ఒప్పుకున్నారని రేపు వాదిస్తారు. ఫోన్ చేసే కుర్రాడికి వసూలు మీదే కమీషన్, అతనితో వాదన దండగ. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టి అగ్రిమెంటు, కేవైసీ ఫొటో, డబ్బు పడిన ఖాతా వివరాలు అడగండి.

దానికంటే ముందు సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి. ఐటీ చట్టం 66సీ అని రాయండి, ఒకరి గుర్తింపు దొంగిలించి వాడితే మూడేళ్ల దాకా జైలు. ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటే మీ చేతిలో ఐదు నెలల నాటి రుజువు ఉండేది. సరే, ఇప్పుడు ఆ ఫిర్యాదు కాపీతో అప్పుల రికార్డు ఉంచే సిబిల్‌లో, ఈ లోను మాది కాదని డిస్ప్యూట్ వేయండి. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని అలాంటివే ఇంకో మూడున్నాయి, వాటిని మర్చిపోకండి, నాలుగింటిలోనూ ఏడాదికోసారి రిపోర్టు ఉచితమే. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మీకివ్వాలని 2023లోనే ఆర్‌బీఐ చెప్పింది.

హైటెక్‌సిటీ నైట్‌షిఫ్ట్:
పెద్దాయన్ను మాత్రం ఏమీ అనకండి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. 2023లో కొరియర్ వాడినంటూ ఒకడు *401* నొక్కి ఫలానా నంబరు కొట్టమంటే కొట్టాను. నా కాల్స్ వాడికి మళ్లాయి, కాల్‌లో చెప్పే ఓటీపీతో వాట్సాప్ లాక్కుని మా అత్తగారిని 20 వేలు అడిగాడు. ఆవిడ పంపారు కూడా. ఇప్పటికీ పండక్కి వెళ్తే "బాబూ, నిజంగా నువ్వేనా?" అంటారు.

మిర్చిరైతు కొడుకు:
అందరికీ థాంక్స్. ఈఎంఐ కట్టలేదు, ఫిర్యాదు నంబరు వచ్చింది. సిమ్‌లు మూడున్నాయి, రెండు మావి కావని రిపోర్ట్ కొట్టాను.

కంపెనీ వాళ్లు కేవైసీ ఫొటో పంపారు. భుజాన తువ్వాలు, వెనక మా వేపచెట్టు. "ఫొటోలో ఉన్నది మీ ఫాదరే కదా సార్" అని కింద ఒక లైను. నాన్నకు వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు చూసి, "నేనేరా ఇది" అన్నాడు.

డబ్బు పడిన ఖాతా కూడా ఆయన పేరుతోనే ఉంది. ఆ బ్యాంకుకు మాత్రం మా మండలంలో బ్రాంచే లేదు. అప్పులపద్దు గారూ, ఇప్పుడు ఆ బ్యాంకుకు కూడా విడిగా రాయాలా?