చలికాలంలో కరెంటు 200 యూనిట్లు దాటుతోంది. గీజర్లు తీసేసి గ్యాస్ గీజరు పెట్టుకోవాలా?

హూడి_సెకండ్‌ఫ్లోర్

బెంగళూరు, హూడి దగ్గర అద్దె ఇల్లు. మేం రెండో అంతస్తు, మా పైన ఓనరు వాళ్ళు. ఇంట్లో నలుగురం. గృహజ్యోతిలో (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం, నెలకి 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లంతా మనమే కట్టాలి) మా అర్హత 150 యూనిట్లు. మే, జూన్‌లో 130 దాటదు, బిల్లు సున్నా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 215, 220 వస్తోంది, దాంతో బిల్లు మొత్తం నెత్తిన పడుతోంది. పెద్ద బాత్రూంలో 25 లీటర్ల గీజరు, చిన్నదాంట్లో 15 లీటర్లది, రెండూ 2 కిలోవాట్లవే. ఐదున్నరకి వేస్తే తొమ్మిదిన్నర దాకా ఆన్‌లోనే ఉంటాయి. ఇద్దరు షవరు, ఇద్దరు బకెట్టు. నీళ్ళు బోరువి.

గ్యాస్ గీజరు, ఓనరు సోలార్ వాటర్ హీటరు నుంచి మాకో వేడి నీళ్ళ లైను, హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకి ఎక్కించే యంత్రం). ఈ మూడింట్లో ఏది చవక పడుతుంది? అందరూ తలో మాటా చెబుతున్నారు. లెక్కతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాస్టారు

ముందు వేడికయ్యే ఖర్చు చూద్దాం, పరికరం సంగతి తర్వాత. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 1 కిలో కేలరీ కావాలి. కరెంటు యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. డిసెంబరు పొద్దున ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలు, స్నానానికి 40 అనుకోండి. 20 లీటర్ల బకెట్టుకి 400 కిలో కేలరీలు, అంటే అర యూనిట్ కంటే కాస్త తక్కువ. షవరు నిమిషానికి 8 లీటర్లు, ఎనిమిది నిమిషాలు నిలబడితే 64 లీటర్లు, అంటే ఒకటిన్నర యూనిట్. ఒక షవరు మూడు బకెట్లకి సమానం. మీ నలుగురి స్నానాలకీ రోజుకి 4 యూనిట్ల లోపు.

ఇక రేట్లు. 2025-26లో ఇళ్ళకి యూనిట్ 5.80 రూపాయలు, పెన్షన్ నిధి పేరుతో మరో 36 పైసలు, దానిమీద పన్ను. ఫిక్స్‌డ్ ఛార్జీ వదిలేసి యూనిట్ 7 రూపాయలు అనుకుందాం. గ్యాస్ సిలిండరు 14.2 కిలోలు, లెక్కకి 900 రూపాయలు అనుకుందాం. కిలో ఎల్‌పీజీలో దాదాపు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది, మంచి గ్యాస్ గీజరు అందులో నూటికి 80 పాళ్ళు నీళ్ళకి ఎక్కిస్తుంది. అంటే కిలోకి 10 యూనిట్లు, సిలిండరుకి 142 చిల్లర. నీళ్ళలోకి చేరిన యూనిట్ వేడికి గ్యాస్‌లో 6 రూపాయల 30 పైసలు, కరెంటులో 7. తేడా 70 పైసలు. నెలకి 120 యూనిట్ల వేడి వాడినా 80, 90 రూపాయలు మిగులుతాయి, అంతే. ఆ మిగులుతో గ్యాస్ గీజరు ధర తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది.

మీ జేబుకి చిల్లు పడుతోంది ఇంధనం వల్ల కాదు, 200 గీత వల్ల. 218 యూనిట్లకి, 3 కిలోవాట్ల శాంక్షన్ లోడు (మీ కనెక్షన్‌కి మంజూరైన కిలోవాట్లు) ఉంటే ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాటుకి 145 చొప్పున కలిపి 1,900 దగ్గర వస్తుంది. అదే 195 దగ్గర ఆగితే, అర్హత 150 దాటిన ఆ 45 యూనిట్లకే కడతారు: సుమారు 300. 23 యూనిట్లకి 1,600 రూపాయలు! కాబట్టి మీ ప్రశ్న "ఏ ఇంధనం" కాదు, "నెలకి పాతిక యూనిట్లు ఎక్కడ తగ్గించాలి".

అవి మీ గీజర్లోనే ఉన్నాయి. చివరివాళ్ళు స్నానం చేస్తుండగా బయటికి పోయిన వేడి నీళ్ళ చోటికి చన్నీళ్ళు వస్తాయి. స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ 25 లీటర్లూ మళ్ళీ 60 డిగ్రీలకి ఎక్కుతాయి: 1.16 యూనిట్లు. 15 లీటర్లదానికి 0.7. ఎవరూ వాడని ఆ నీళ్ళు మర్నాటి పొద్దుటికి సగం వేడి పోగొట్టుకుంటాయి. రెండూ కలిపి రోజుకి దాదాపు ఒక యూనిట్, నెలకి 28. చివరి మనిషి లోపలికి వెళ్ళేముందే స్విచ్ ఆపేస్తే చాలు, ట్యాంకులో ఉన్నవి సరిపోతాయి. 15 లీటర్లు 60 డిగ్రీల్లో ఉంటే చన్నీళ్ళు కలిపి 30 లీటర్లు 40 డిగ్రీల్లో వస్తాయి, ఒకటిన్నర బకెట్టు. మరిచిపోయేవాళ్ళైతే 16 ఆంపియర్ల టైమరు పెట్టుకోండి. 2 కిలోవాట్లంటే 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్లో పెట్టే చిన్న టైమర్లు కరిగిపోతాయి.

గ్యాస్‌పొయ్యి_బాబాయ్

మాస్టారి లెక్కతో గొడవ లేదు. అయినా గ్యాస్‌కే వెళ్తామంటే ఇవన్నీ చూసుకుని వెళ్ళండి.

గీజరు బాత్రూంలో మాత్రం వద్దు. గాలి చాలక మంట సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరుగుతోందని తెలిసేలోపు కాళ్ళు కదలవు. బెంగళూరులో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. యుటిలిటీ బాల్కనీలో, బయటి గాలి తగిలేచోట పెట్టి పైపు లోపలికి లాగాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందిగా అని లోపల బిగించే ప్లంబరు మాట వినకండి: తలుపు బిగించాక గాలి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యాను కాలిన గాలినే వెనక్కి లాగుతుంది. మంట నీలంగా ఉండాలి, పసుపు కొనలు కనపడితే అప్పుడే ఆపేయండి.

రెగ్యులేటరు సంగతి ఎవరూ చెప్పరు. ఇళ్ళకిచ్చే మామూలు రెగ్యులేటరు గంటకి ఇంత అని పరిమితంగానే గ్యాస్ ఇస్తుంది. నిమిషానికి 6 లీటర్ల గీజరు నిండుగా మండితే గంటకి కిలో తింటుంది. టీ జాయింటు వేసి పొయ్యీ గీజరూ ఒకే సిలిండరుకి తగిలిస్తే, దోసె పెనం కింద మంట చిన్నబోతుంది, ఇటు గీజరూ సరిగ్గా వేడెక్కదు. గీజరుకి విడి సిలిండరు, విడి రెగ్యులేటరు కావాలి. సురక్ష ట్యూబు మీటరున్నర దాటకూడదు, అంతకంటే దూరమైతే రాగి పైపే.

నీళ్ళ ఒత్తిడి కూడా చూడాలి. ట్యాంకు అడుగు నుంచి కుళాయి దాకా ప్రతి మీటరు ఎత్తుకీ 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. గ్యాస్ గీజరు లోపలి డయాఫ్రం (నీళ్ళ ఒత్తిడికి కదిలే పొర) కదిలి మంట వెలగాలంటే 0.2, 0.25 బార్ దాకా కావాలి. ట్యాంకుకి సరిగ్గా కింది అంతస్తులో షవరు తెరిస్తే టిక్ టిక్ అంటుంది తప్ప వెలగదు, జనం బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు. మీకూ ట్యాంకుకీ మధ్య ఒక అంతస్తు ఉంది కాబట్టి పరవాలేదు. వెలగకపోతే ముందు ఇన్‌లెట్ దగ్గర జాలీ తీసి కడగండి, బోరు నీళ్ళలో ఇసుక పట్టేస్తుంది.

బోరు నీళ్ళ ఉప్పు ఇంకొకటి. కరెంటు గీజర్లో ఎలిమెంటు మీద ఉప్పు పేరుకుంటే ఎలిమెంటు కాలిపోతుంది గానీ యూనిట్లు పెద్దగా పెరగవు, ఎందుకంటే అది నీళ్ళలోనే మునిగి ఉంది, వేడి ఇంకెక్కడికీ పోదు. గ్యాస్‌లో అలా కాదు. రాగి కాయిల్ లోపల ఉప్పు పేరుకుంటే వేడి చిమ్నీలోంచి పోతుంది, సిలిండరు ముందుగానే అయిపోతుంది. ఏడాదికోసారి లీటరు నీళ్ళకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, చిన్న పంపుతో అరగంట కాయిల్ గుండా తిప్పి, మంచినీళ్ళతో కడగాలి.

పైపు గ్యాస్ వస్తే ఎల్‌పీజీ గీజరుని దానికి తగిలించకండి. ఒత్తిడి వేరు, జెట్లు మార్చాలి.

హూడి_సెకండ్‌ఫ్లోర్

మాస్టారూ, చివరి స్నానానికి ముందు ఆపేయడం ఇంత తేడా తెస్తుందనుకోలేదు. బాబాయ్, మా యుటిలిటీలో చోటుంది గానీ ఇప్పటికి గ్యాస్ ఆలోచన పక్కన పెట్టేశాను. ఓనరు 200 లీటర్ల సోలార్ పెట్టుకున్నారు, వాళ్ళు ముగ్గురే. మాకో లైను ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ట్యాంకు_మీద_ట్యాంకు

తీసుకోండి, కానీ పైపు పొడవు కొలవండి. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడి నీళ్ళకి వాడే ప్లాస్టిక్) పైపులో మీటరుకి పావు లీటరు పైనే నీళ్ళుంటాయి. ట్యాంకు నుంచి మీ బాత్రూం దాకా 30 మీటర్లయితే ఎనిమిది లీటర్లు చల్లగా వచ్చాకే వేడి వస్తాయి. ఆ నీళ్ళు బకెట్లో పట్టి మొక్కలకి పోయండి. అరంగుళం లైను అయితే ఆ వృథా సగానికి పడిపోతుంది. పైన ఫోం తొడుగు వేసి, ఎండకి చిరిగిపోకుండా టేపు చుట్టాలి.

అడగాల్సిన మాట ఒకటుంది: ఇంట్లో ప్రెషర్ పంపు ఉందా? మామూలు సోలార్ ట్యాంకు గాలి గొట్టంతో నడిచేది, ఒత్తిడి తట్టుకోదు. పంపు లైనులో కలిపితే అతుకులు ఊడి కారుతుంది. పంపు ఉంటే ప్రెషర్‌కి తట్టుకునే రకమే ఉండాలి.

కలిపాక "సోలార్ నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి" అన్న ఫిర్యాదు మొదలవుతుంది. అలాంటప్పుడు చాలాసార్లు తప్పు సోలార్‌ది కాదు. ఎక్కడో ఒక మిక్సర్ తెరిచే ఉంచి, చివర హ్యాండ్ షవరు మూసి ఉంటారు. చన్నీళ్ళు ఆ మిక్సర్ గుండా వేడి లైనులోకి ఎక్కుతాయి. మిక్సర్‌కి వచ్చే రెండు లైన్లలోనూ ఎన్‌ఆర్‌వీ (నీళ్ళని వెనక్కి పోనివ్వని వాల్వు) వేస్తే పోతుంది.

బెంగళూరులో సోలార్‌కి గడ్డుకాలం చలికాలం కాదు, జూలై, ఆగస్టు మబ్బులు. డిసెంబరు, జనవరిలో ఎండ బాగానే ఉంటుంది. మబ్బు రోజుల్లో సోలార్ ట్యాంకులోని 2 కిలోవాట్ల బ్యాకప్ కాయిల్ ఆన్ చేయించకండి, 200 లీటర్లకి 25 డిగ్రీలు పెంచడానికి 5.8 యూనిట్లు పోతాయి, పైగా అది ఓనరు మీటరు. ఆ రోజు మీ 15 లీటర్ల గీజరు వేసుకోండి.

లెక్కల_మాస్టారు

హీట్ పంపు గురించి ఎవరూ చెప్పలేదు. ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, నిజమే. స్నానాలకి నెలకయ్యే మీ 118 యూనిట్లు 40కి తగ్గుతాయి. కానీ మీకు అవసరమైంది నాలుగు నెలలే. 200 లీటర్ల ట్యాంకు నిండితే 200 కిలోలు దాటుతుంది, బయటి యూనిట్‌కి గాలి, నీళ్ళు కారే పైపు, బిగించాక ఇల్లు మారితే ఊడదీసే ఖర్చు. అద్దె ఇంటికి దండగ. పదిమంది ఉండే ఉమ్మడి ఇల్లు, పీజీ, ఆ లెక్క వేరు.

హూడి_సెకండ్‌ఫ్లోర్

సరే, ముందు స్విచ్ పని. షవరు ఐదు నిమిషాలకి తగ్గిస్తే?

లెక్కల_మాస్టారు

ఇద్దరికీ కలిపి రోజుకి 1.1 యూనిట్లు, నెలకి 33. మీటరు రీడింగు తీసిన రోజున అంకె రాసుకుని, ఇరవయ్యో రోజున మళ్ళీ చూడండి. అప్పటికి 130 దాటి ఉంటే మిగతా పది రోజులు షవరు బదులు బకెట్టు.