చివరి ‘ర’ గురువా, లఘువా?

పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకుంటున్నాను. కార్నెగీ మెలన్ ఉచ్చారణ నిఘంటువులో అచ్చుల పక్కన ఉండే 0, 1, 2 అంకెలు చూసి, ఇంగ్లీషు మాటలో ఊనిక (బలంగా పలకడం) ఎక్కడ పడిందో కనిపెట్టడం అభ్యాసం. అది అయింది. మనకు ఊనిక లేదు, గురులఘువులున్నాయి కదా అని వాటిని గుర్తించే ప్రోగ్రాము రాసి, చిన్నప్పటి పోతన పద్యం ఇచ్చాను: ‘శ్రీకైవల్య పదంబు జేరుటకునై చింతించెదన్ లోకర’. 18 అక్షరాలు సరిపోయాయి. 19వది, ఆ ‘ర’, లఘువంటోంది. శార్దూలం చివర గురువు కదా? తప్పు ప్రోగ్రాముదా, నా జ్ఞాపకానిదా?

— పాదం దగ్గర ఆపేశారండీ. తర్వాతది ‘క్షైకారంభకు’. ఆ ‘క్షై’ వల్లే ‘ర’ గురువు. నాలుగు పాదాలూ కలిపి ఇవ్వండి. ఇంకోటి, అది ‘పదంబుఁ’. అరసున్న వదలొద్దు, నిండుసున్నా పెట్టొద్దు. పెడితే ‘బుం’ గురువై జగణం పోతుంది.

— పాదాంత లఘువును గురువుగా తీసుకోవచ్చు కదా మాస్టారూ?

— సంస్కృతంలో. పోతనకు ఆ అవసరం లేదు. తక్కిన పాదాల చివర్లు చూడండి: ‘దానవో’, ‘నా’, ‘డింభకున్’. అన్నీ అసలు గురువులే.

— మా నాన్నగారు ‘లోకర’ దగ్గర ఊపిరి తీసుకునేవారు కాదు. ‘క్షైకారంభకు’ దాకా ఒకే పట్టు. బ్రహ్మాండాలను కుండల్లా పేర్చి, చివరికి నందుని ఇల్లాలి పసివాడి దగ్గర ఆపాడు మహానుభావుడు!

— ఊనిక లేదనడం నేనొప్పుకోను. ‘అద్రుచు’లో ‘అ’ను ఊది పలికితే గురువు, తేల్చితే లఘువు. ఆ ఊదడం ఊనిక కాక మరేమిటి?

— కాలం. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. బలంతో పనేముంది?

— తాళం వేస్తూ చదివి చూడండి, బలం తెలుస్తుంది.

— పాదాలు కలిపాను, ‘ర’ గురువైంది, ధన్యవాదాలు. కంప్యూటరుకు ‘శ్రీ’ ఒక్కటే నాలుగు సంకేతాలు (శ, పొల్లు, ర, గుడిదీర్ఘం). అది దాటడానికే రెండు రోజులు పట్టింది. ఇప్పుడు కొత్త టెన్షన్: మధ్య ఖాళీలు తీసేశాను కాబట్టి ‘అది ప్రశ్న’లో ‘ది’ కూడా గురువంటోంది.

— అక్కడ లఘువే, మాటలు వేరు కాబట్టి. ‘రామప్రసాదు’లో ‘మ’ గురువు, సమాసం కాబట్టి.

— అయితే ఖాళీలు ఉంచితే చాలా?

— చాలవు. ‘విలసద్దృగ్జాల సంభూత’ ఒకే సమాసం, అయినా అచ్చులో విడదీస్తారు. ఆ తేడా మనిషే చెప్పాలి.

— మరి ‘అద్రుచు’కు రెండు జవాబులూ చూపించేలా రాయనా?

— రాయండి. పక్కన ‘ఊనిక’ అని మాత్రం రాయకండి.

— ఎందుకు రాయకూడదు? తాళం వేసి చూశారా అసలు?