మంచులో తప్పిపోయిన పిల్లాడి కథ రాస్తూ 63వ పేజీ దగ్గర ఆగిపోయాను

రెండో డ్రాఫ్ట్:

డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన మంచు రాణి కథను ఈ కాలపు థ్రిల్లర్‌గా తిరగరాస్తున్నాను. పదేళ్ల పిల్లాడు మూడో పేజీలో మాయమవుతాడు. వాడి ఈడుదే, పక్కింటి అమ్మాయి వెతకడానికి బయలుదేరుతుంది. 63వ పేజీ దాకా కలం ఆగలేదు. అక్కడ ఆగింది, మూడు వారాలైంది.

మొదటి ముప్పై పేజీలు ఒక స్నేహితురాలికి చదవమని ఇచ్చాను. పెన్సిల్‌తో పక్కన నాలుగు చోట్ల ఒకటే మాట రాసింది: "వీడెవడు?" ముందు కోపం వచ్చింది. తర్వాత తిరిగి చదువుకుంటే నిజమే. పిల్లాడి గురించి నేను రాసిందల్లా నీలం స్వెటర్, విరిగిన ముందుపన్ను, ఫ్రిజ్ మీద అంటించిన ఫొటో. 'కనబడుట లేదు' ప్రకటనలో వేసే వివరాలు. వాడికి నా కథలో మాయమవడం తప్ప ఇంకో పని లేదు.

రెండో చిక్కు మంచు. ప్రతి అధ్యాయం మొదట్లో కురుస్తుంది, అందంగానే కురుస్తుంది. ఆ వాక్యాలు కొట్టేసి చూశాను, కథకి ఏమీ కాలేదు.

పిల్లాడి వైపు నుంచి అధ్యాయాలు రాస్తే టెన్షన్ పోతుందా? బతికున్నాడని తెలిసిపోతుంది కదా. మంచుకి కథలో పని ఎలా పెట్టాలి? ఇలాంటివి బాగా చదివినవాళ్లు చెప్పండి. "మీ మనసు చెప్పినట్టు రాయండి" అని మాత్రం అనకండి, మూడు వారాలుగా అది ఏమీ చెప్పడం లేదు.

పాత పేజీలు (జవాబు):

మీరు మూలకథ ఆఖరుసారి ఎప్పుడు చదివారండీ? పిల్లల బొమ్మల పుస్తకం కాదు, 1844లో వచ్చిన ఏడు భాగాల పూర్తి కథ. అది దర్యాప్తు కథే.

అందులో తప్పిపోయే పిల్లాడు కయ్. వాడు కనబడకుండా పోయాక తోటి కుర్రాళ్లు ఏం చెప్తారో చూడండి. తన చిన్న స్లెడ్జిని (మంచు మీద జారే బండి) ఓ పెద్ద స్లెడ్జికి కట్టుకున్నాడు, అది వీధిలోంచి ఊరి ద్వారం దాటి పోయింది, అంతవరకే మాకు తెలుసు అంటారు. చివరిసారి చూసినవాళ్ల వాంగ్మూలం. ఆ వెంటనే, నదిలో పడి పోయి ఉంటాడని తేల్చేస్తారు. శవం లేదు, అయినా ఫైలు మూసేశారు.

ఆ ఫైలు మళ్లీ తెరిచింది పక్కింటి స్నేహితురాలు గెర్డా. నదికి తన కొత్త ఎర్ర బూట్లు లంచం ఇచ్చి అడుగుతుంది. గులాబీలను అడుగుతుంది. అవి మట్టి కింద ఉండి పైకి వచ్చినవి కాబట్టి, చనిపోయినవాళ్లలో కయ్ లేడని చెప్తాయి. (ఇంత దర్జాగా ఫోరెన్సిక్ రిపోర్టు ఇచ్చిన పువ్వులను నేను ఇంకెక్కడా చూడలేదు.) తర్వాత కాకి చెప్పిన కబురు పట్టుకుని రాత్రిపూట దొంగదారిన రాజభవనంలోకి వెళ్తుంది. తీరా చూస్తే అక్కడున్న రాజకుమారుడికి మెడ ఒక్కటే కయ్ పోలిక. తప్పు మనిషి! అసలు సాక్షులు దొంగల కోటలో ఉన్న అడవి పావురాలు. కయ్‌ని మంచు రాణి బండిలో కళ్లారా చూసింది అవే.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది, దారిలో గెర్డాను ఇంట్లో పెట్టుకున్న ముసలావిడ తోట. ఆవిడ దుర్మార్గురాలు కాదు, ఇంట్లో ఓ చిన్నపిల్ల ఉంటే బాగుండుననుకుంది, అంతే. బంగారు దువ్వెనతో తల దువ్వుతుంటే గెర్డా కయ్‌ని కొంచెం కొంచెంగా మర్చిపోతుంది. గులాబీలు చూస్తే కయ్ గుర్తొస్తాడని ముసలావిడ తోటలో గులాబీ చెట్లన్నిటినీ భూమిలోకి దింపేస్తుంది. తన టోపీ మీద వేసిన గులాబీ బొమ్మ సంగతి మాత్రం మర్చిపోతుంది. దాన్ని చూసి గెర్డా ఉలిక్కిపడి బయటపడేసరికి వేసవి పోయింది, శరత్కాలం చివరికొచ్చేసింది. వెతకడానికి వెళ్లిన పిల్లే తప్పిపోయింది చూడండి, అదీ ప్రేమగా చూసుకున్న ఇంట్లో. నన్నడిగితే మీ 64వ పేజీ ఆ ఇంటి గుమ్మం.

నైట్ డ్యూటీ:

నేను రచయిత్రిని కాదు, నర్సుని. చలి బాగా ఉండే చోట ఎమర్జెన్సీలో పని. మంచు సంగతి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

తన బండిలో ఎక్కించుకున్న మంచు రాణి మొదటి ముద్దు పెట్టగానే కయ్‌కి ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. క్షణంలో అది పోయి హాయిగా ఉంటుంది, చలి తెలియదు. రెండో ముద్దుకి గెర్డా, నానమ్మ, ఇల్లు, అన్నీ మర్చిపోతాడు. ఇంకో ముద్దు పెడితే చచ్చిపోతావు అంటుంది ఆవిడ. మేం చదువుకున్న హైపోథర్మియా (ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోవడం) పాఠం ఇంచుమించు ఇదే వరసలో ఉంటుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే మొదలు. ముందు విపరీతమైన వణుకు. సుమారు 32కి దిగేసరికి వణుకు ఆగిపోతుంది. చూసేవాళ్లు హమ్మయ్య, తేరుకున్నాడు అనుకుంటారు. తేరుకోవడం కాదది. అక్కణ్ణుంచి మాట ముద్దకట్టడం, మతిమరుపు, ఎక్కడున్నాడో తెలియకపోవడం.

చివరి దశలో కొందరు బట్టలు విప్పేసుకుంటారు. బిగుసుకున్న రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని ఒళ్లు మండిపోతున్నట్టు ఉండడం వల్ల అంటారు. కొందరు ఇరుకు సందుల్లోకి, మంచాల కిందికి దూరిపోతారు. ఇప్పుడు పోలీసు కళ్లతో చూడండి. మంచులో విడిగా పడున్న బట్టలు, ఎవరో తోసి దాచినట్టున్న మనిషి. ఎవరూ ఏమీ చేయకపోయినా అది నేరం జరిగిన చోటులాగే ఉంటుంది. మీ నీలం స్వెటర్‌ని అక్కడ వాడుకోండి.

ఇంకోటి. బాగా చల్లబడిపోయిన పిల్లాడికి నాడి అందకపోయినా వెంటనే పోయాడని చెప్పరు. ఒళ్లు వేడెక్కించి చూశాకే చెప్పాలని మాకు నేర్పిస్తారు. ఆ కాసేపు బయట కూర్చునేవాళ్లు ఉంటారు. ఒక తండ్రి కొడుకు చేతి తొడుగులు రెండూ ఒకదానిలో ఒకటి దోపడం, మళ్లీ లాగడం, మళ్లీ దోపడం... ఇంక రాయలేను.

విసిగిపోయిన పాఠకుడు:

ఈ తరహా నవలలు మానేసి రెండేళ్లయింది. చాలావాటిలో పిల్లాడు ఒక మీట. నొక్కితే డిటెక్టివ్‌కి బాధ పుడుతుంది. ఆయనకి పాత గాయం ఉంటుంది, రాత్రిళ్లు తాగుతాడు, భార్య వదిలేసి ఉంటుంది. చివర్లో పిల్లాణ్ణి దుప్పటి చుట్టి అంబులెన్స్‌లో కూర్చోబెడతారు. ఒక్క మాటా మాట్లాడనివ్వరు. మంచు ఉండేది ఫోన్ సిగ్నల్ పోవడానికి, రోడ్డు మూసుకుపోవడానికి.

టెన్షన్ పోతుందన్న భయం అక్కర్లేదు. కయ్ ఎక్కడున్నాడో ఆండర్సన్ రెండో భాగం ముగిసేసరికే చెప్పేశాడు, రాణిగారి కాళ్ల దగ్గర నిద్రపోతున్నాడు. ఇంకా ఐదు భాగాలున్నాయి, ఎవరైనా పుస్తకం మూశారా? గెర్డా దొరకబుచ్చుకుని వాటేసుకున్నప్పుడు వాడు కొయ్యలా కూర్చుంటాడు. వాడి ధ్యాసంతా మంచుముక్కలు పేర్చి 'అనంతం' అనే మాట తయారుచేయడం మీదే. అది కుదిరితే ప్రపంచమంతా, కొత్త స్కేట్ల జతా ఇస్తానంది రాణి. కొత్త స్కేట్లు! ఆ ఒక్క మాటతో వాడు నాకు పిల్లాడిలా కనబడ్డాడు. తను తప్పిపోయానని వాడికి తెలియదు. మీ వాడికి తెలుసా?

చలిమంట:

ఆలస్యంగా వచ్చాను. మంచుపిల్లల కథల్లో మాయం కావడం చాలా పాతది. పదకొండో శతాబ్దపు లాటిన్ పాట ఒకటుంది. వర్తకుడు చాలాకాలానికి ఇంటికొస్తే భార్య ఒళ్లో కొడుకు. దాహానికి మంచు తిన్నాను, కడుపొచ్చింది అంటుంది. మొగుడు కిమ్మనడు. పిల్లాణ్ణి పెరగనిచ్చి, ప్రయాణానికి వెంట తీసుకెళ్లి, అమ్మేసి వస్తాడు. ఏడీ అని అడిగితే, ఎండ దేశానికి పోయాం, మంచు కొడుకు కదా, కరిగిపోయాడు అంటాడు. ఆమె కాదనలేదు, కాదంటే తన అబద్ధం బయటపడుతుంది. దీన్ని జోక్‌గా చెప్పుకున్నారట. అమ్ముడుపోయిన పిల్లాడు ఏమయ్యాడని ఆ పాట అడగదు.

రష్యా మంచుపిల్ల స్నెగూరొచ్కాది ఇంకో దారి. పిల్లలు లేని ముసలి దంపతులు మంచుతో బొమ్మ చేస్తే అది బతుకుతుంది. వేసవిలో ఆడపిల్లలంతా వరసగా మంట మీంచి దూకుతారు. వెనక్కి తిరిగి చూస్తే ఒకరు తక్కువ. దాక్కుందనుకుని పొదలన్నీ వెతుకుతారు. ఆ వెతకడమే నాకు గుర్తుండిపోయింది, ఆవిరైపోవడం కాదు.

మంచుకి పని కావాలన్నారు కదా, అడుగుజాడలు చూడండి. కాలు పడ్డచోట మంచు నొక్కుకుని గట్టిపడుతుంది. తర్వాత గాలి గట్టిగా వీస్తే చుట్టూ ఉన్న పొడిమంచు ఎగిరిపోయి, గుంటల్లా ఉండాల్సిన అడుగులు దిమ్మెల్లా పైకి లేచి నిలబడతాయి. అందరూ వెతికేసి వదిలేసిన పొలంలో మూడు రోజుల తర్వాత చిన్న పాదాల దిమ్మెలు తేలితే?

రెండో డ్రాఫ్ట్:

అందరికీ థాంక్సండీ. నైట్ డ్యూటీ గారూ, ఆ తొడుగుల సంగతి నేను వాడుకోను, అది మీదే.

విసిగిపోయిన పాఠకుడు గారి ప్రశ్నకి జవాబు: తెలియదు, మా వాడికీ తెలియదు. ఆ మాట పట్టుకుని నిన్న మూడో పేజీ చించేసి మళ్లీ రాశాను. స్వెటర్, పన్ను పోయాయి. మాయమయ్యే రోజు పొద్దున వాడు నీటిగుంట మీద పేరుకున్న మంచుపలకని పగలకుండా ఎత్తి, కిటికీ అద్దంలా రెండు చేతుల్తో పట్టుకుని ఇంటికి తెస్తాడు. మధ్యలో ఒక ఆకు ఇరుక్కుని ఉంటుంది. ఫ్రీజర్లో దాచుకుంటాడు. చోటు చాలక వాళ్లమ్మ తీసి సింకులో పడేస్తుంది. వాడు అరవడు, ఏడవడు. అది కరిగేదాకా నిలబడి చూసి, బూట్లేసుకుని బయటికి వెళ్తాడు.

స్నేహితురాలికి పంపాను. ఈసారి "వీడెవడు?" అని రాయలేదు. "కరగడానికి ఎంతసేపు పట్టింది?" అని రాసింది. నాకు తెలియదు. ఇందాక పళ్లెంలో నీళ్లు గడ్డకట్టించి, ఓ ఆకు పెట్టి, సింకులో పెట్టాను. నలభై నిమిషాలైంది, ఇంకా అంచులే పోయాయి.