ఇరుసున గందెనా, ఇరుసుకు కందెనా?

హనుమకొండ వాసి: ఒక పద్యపాదం బుర్రలో తిరుగుతోంది, పెద్దలు తేల్చాలి. మా పాత మిలిటరీ జీపు, విల్లీస్, ముందు చక్రాల హబ్బులు విప్పించి బేరింగులు కడిగిస్తున్నాను. మెకానిక్ చాచా అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగును దానికేసి ఒత్తుతూ, "ఇరుసుకు కందెన వెట్టక పరమేశ్వరుని బండైనా పారది" అన్నాడు. సుమతి పద్యమే. నాకు మాత్రం "ఇరుసున" అని గుర్తు. మొదటి రెండు పాదాలు ఎంతకీ రావడం లేదు. న-నా, కు-నా? పనిలో పని, హబ్బును ఇరుసు మీద పట్టి ఉంచే ఆ పెద్ద నట్టును కడచీల (బండి ఇరుసు కొసన గుచ్చే మేకు) అనొచ్చా?

కందం: రాసుకోండి.

కరణముల ననుసరింపక
విరసంబునఁ దిన్న తిండి వికటించుఁ జుమీ
యిరుసునఁ గందెనఁ బెట్టక
పరమేశ్వరు బండియైనఁ బాఱదు సుమతీ

ఇందులో కు ఎక్కడుంది? మీ చాచా నోట అరిగిపోయిన రూపం అది.

జమ్మికుంట మేడం: కందం గారూ, "విరిసంబున" అని అచ్చయిన ప్రతులూ ఉన్నాయి. మీరు చప్పుడు చేయకుండా దిద్దేశారు. ప్రాస రకారానికే కాబట్టి ఏదైనా చెల్లుతుంది, పోనీయండి. న, కు సంగతి మాత్రం అంత తేలిక కాదు. సరళాదేశం (కందెన గందెనగా మారడం) చూపించి న అంటారేమో, కు కూడా ద్రుతాంతమే (చివర న్ ఉన్నదే). ఇరుసుకు అన్నా తర్వాత గందెనే వస్తుంది. గణమంటారా, "యిరుసుకు" కూడా నాలుగు లఘువులే. ఛందస్సు చాచాకు ఎక్కడా అడ్డం రాదు.

కందం: ఛందస్సు అడ్డం రాదు, వ్యాకరణం వస్తుంది. ఇరుసు ఉదంతం, అంటే ఉకారంతో ముగిసే మాట. కువర్ణకం ముందు నగాగమం ఉండాలి, అంటే కు ముందు న చేరాలి, ఇరుసునకు అనాలి. అప్పుడు నాలుగుకు బదులు ఐదు మాత్రలు, గణం చెడింది. పద్యం రాసినవాడు అది చూసుకోకుండా రాయడు.

పాలకుర్తి దారి: రాసినవాడు బద్దెన, కాకతీయుల కాలం వాడంటారు. అంటే మా ఓరుగల్లు గాలి పీల్చినవాడు. ఇక్కడి నోట నగాగమం ఎప్పుడు పలికింది? "బండికి", "చెట్టుకు", "ఇరుసుకు", అంతే.

కందం: సుమతి శతకం బద్దెనదే అని ఎక్కడ తేలింది? నీతిశాస్త్ర ముక్తావళి ఆయనదనడం వేరు, ఇది వేరు.

ఇనుప సామాను: వ్యాకరణం నాకు రాదు, బండి వచ్చు. ఎడ్లబండిలో ఇరుసు తిరగదు. ఇరుసు కొసన చక్రం తిరుగుతుంది. కందెన పెట్టేది ఆ కొస మీద. అందుకే ఇరుసున, అంటే ఇరుసు మీద. విల్లీస్ కూడా ఇదే లెక్క. ముందు చక్రం స్పిండిల్ మీద రెండు బేరింగులతో హబ్బు తిరుగుతుంది, స్పిండిల్ కదలదు. పాతకాలపు కందెన అంటే గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపింది, బండి కింద వెదురు గొట్టంలో వేలాడేది. ఇప్పుడు డబ్బాలో గ్రీజు.

అన్నా, ఒక మాట. గ్రీజు ఎక్కువైతే దాన్ని ఆపే సీలు దాటి బ్రేక్ డ్రమ్ములోకి పోతది. కందెన పెట్టమన్నారు కదా అని కూరొద్దు.

జమ్మికుంట మేడం: ఇనుప సామాను అన్న చెప్పింది న పక్షానికే బలం, ఒప్పుకుంటాను. కానీ "మీద" అనే అర్థం కు-తోనూ వస్తుంది. "గోడకు సున్నం వేయి" అంటాం, గోడ మీదే కదా వేసేది.

హనుమకొండ వాసి: నట్టు సంగతి?

మానుకోట: "పరమేశ్వరు బండి" ఏ బండి అన్నది ఎవరూ అడగలేదేం? త్రిపుర సంహారం రథమే. భూమి రథం, సూర్యచంద్రులు చక్రాలు, బ్రహ్మ సారథి. కర్ణపర్వంలో మందర పర్వతమే ఇరుసు. ఆ ఇరుసుకు కందెన ఎవరు పెట్టారో చెప్పలేదు. పద్యంలోని చమత్కారమంతా అక్కడే ఉంది.

పాలకుర్తి దారి: అంత పైకి వెళ్ళక్కర్లేదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న గుడి చుట్టూ తిరిగే బండ్లు చూడలేదా? అవి పరమేశ్వరు బండ్లు కావా? జాతరకు పోయే ముందు వడ్లాయన (వడ్రంగి) దగ్గర చక్రాలు చూపించుకోని రైతు ఉంటాడా? పద్యం రాసినవాడు కళ్ళ ముందు బండి చూసి రాశాడు. ఇక బమ్మెర సంగతికొస్తే, మా పోతన నాగలికి ఎద్దులే అక్కర్లేదు. శ్రీనాథుడి పల్లకీ బోయీలు లేకుండా కదిలితే, పోతన ఇంటి నాగలి ఎద్దులు లేకుండా సాగిందని మా వైపు కథ. కందెన మాటే లేదు.

కందం: ఆ కథ చాటువు. పైగా పోతనది ఒంటిమిట్ట అనేవాళ్ళు ఇప్పుడు వస్తారు, చూడండి.

పాలకుర్తి దారి: రానీయండి. ఏకశిలానగరం ఓరుగల్లు అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. భాగవతం దశమస్కంధంలో బాలకృష్ణుడు బండిని తన్నే ఘట్టం తీయండి. సంస్కృత మూలంలో చక్రాలు, ఇరుసు తలకిందులై నొగలు విరిగాయని ఉంది. బండి ఎక్కడ విడిపోతుందో సేద్యం చేసిన కవికి ఒకరు చెప్పాలా?

కందం: పోతన పేరు వస్తే ఈ గుంపులో దారం తెగుతుంది. నేను "బాఱదు" దగ్గరే ఉంటాను. బండి పాఱడం ఏమిటని చాలామందికి సందేహం, నీళ్ళు కదా పారేవి అని. పాఱు అంటే పరుగెత్తు కూడా. ఇదే శతకంలో "మోహరమునఁ దా నెక్కినఁ బాఱని గుఱ్ఱము" ఉంది. మోహరం అంటే యుద్ధం. మిలిటరీ జీపుకు ఇంతకన్నా సరిపోయే పాదం లేదు.

ఇనుప సామాను: ఆ పద్యం నాకూ వచ్చు సార్. "గ్రక్కున విడువంగవలయు" అని ముగుస్తుంది. హనుమకొండ అన్నా, జీపు అమ్మేస్తే ముందు నాకు చెప్పు.

హనుమకొండ వాసి: అమ్మను. నట్టు?

ఇనుప సామాను: నట్టు ఒకటి కాదు, రెండు. మధ్యలో వాషర్, దాని అంచును నట్టు పలక మీదికి వంచుతారు, నట్టు తిరిగిపోకుండా. లోపలి నట్టు బిగిస్తూ చక్రం తిప్పుతూ ఉండాలి. చక్రం పట్టేసినట్టు అనిపించగానే నట్టును ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. అప్పుడు వాషరు, దాని మీద బయటి నట్టు, ఆ తర్వాత అంచు వంచడం. ఇది రెండు అంగుళాలకు పైబడిన పాన (స్పానర్) పని. చాలా షెడ్డుల్లో ఉలి పెట్టి సుత్తితో కొడతారు, నట్టు మూలలు తినేస్తాయి. కొట్టనివ్వకు. ఇంకోటి, ఎడమ వైపు చక్రాల స్టడ్డులకు ఉల్టా చూడీ, అంటే మర ఎదురు తిరుగుడు. వాటి నట్లు విప్పాలంటే కుడికి తిప్పాలి. తెలియక ఎడమకు లాగితే స్టడ్డు విరుగుద్ది.

జమ్మికుంట మేడం: అంటే సవ్యంగా తిప్పితే ఊడుతుంది! బాగుంది.

మానుకోట: మేడం, సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. అర్జునుడు ఎడమ చేత్తో కూడా బాణం వేస్తాడు కాబట్టే సవ్యసాచి. గడియారం ముల్లు తిరిగే తీరు చెప్పాలంటే ప్రదక్షిణం అనండి, గొడవ ఉండదు.

జమ్మికుంట మేడం: తెలుగువాళ్ళు సవ్యం అంటే సరిగ్గా అనే అనుకుంటారు, నేను తెలుగులోనే మాట్లాడాను. సవ్యసాచి దగ్గర మీరు గెలిచారు, కడచీల దగ్గర ఏమంటారు? ఇరుసు కొసన గుచ్చే ఇనుప మేకు కడచీల. నట్టు గుచ్చేది కాదు, తిరిగేది. పని ఒకటే కదా అని పేరు అంటగడితే రేపు తాళం బుర్రను కూడా గడియ అంటారు.

పాలకుర్తి దారి: మా ఊళ్ళో నట్టయినా మేకయినా సీలే. దశరథుడి రథానికి సీల ఊడితే కైక వేలు పెట్టింది. అది నట్టో మేకో ఎవరు చూశారు?

మానుకోట: వాల్మీకంలో ఆ వేలు లేదు. గాయపడిన దశరథుణ్ణి ఆమె యుద్ధభూమి నుంచి తప్పించింది, అంతే. వేలు జనం పెట్టింది.

పాలకుర్తి దారి: జనం పెట్టిన వేలే జనానికి గుర్తుంది సార్. అందుకే ఇరుసుకు అన్న చాచాను నేను తప్పు పట్టను.

కందం: మళ్ళీ కు దగ్గరికే వచ్చారా! ఇరుసునకు. నగాగమం. ఐదు మాత్రలు.