గొంతు ముందుకు రావాలంటే మైకు మార్చాలా, దూరం మార్చాలా, కంప్రెసర్ నేర్చుకోవాలా?

అనంత_పదం, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. మన సీమ యాసలో ర్యాప్ రాసుకొని రెండేళ్లుగా ఇంట్లోనే రికార్డు చేస్తున్నాను. నా గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, కప్పు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. గోడలకు సిమెంటు పూత, నేలకు తాడిపత్రి బండలు. రెండు ఇన్‌పుట్‌లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మామూలు కండెన్సర్ మైకు ఉన్నాయి. పదాలు స్పష్టంగానే వినిపిస్తున్నా, గొంతు మాత్రం బీట్ వెనకాల ఎక్కడో గోడకు ఆనుకొని నిలబడినట్లు ఉంటోంది. ఈక్యూలో (పై, కింది ధ్వనులను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం) కింది భాగం పెంచితే వెచ్చదనానికి బదులు డబ్బా మోత వస్తోంది, పై భాగం పెంచితే 'స', 'చ' అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. కండెన్సర్ గదినంతా వింటుంది కాబట్టి డైనమిక్ మైకు కొనమని ఒక మిత్రుడు, మైకుతో పనిలేదు, మంచి కంప్రెసర్ (బిగ్గర శబ్దాలను అణచి స్థాయిని సమం చేసేది), సాచురేషన్ (కొద్దిపాటి వక్రీకరణతో గొంతుకు నిండుదనం ఇచ్చేది) ప్లగిన్లు చాలని మరొక మిత్రుడు చెబుతున్నారు. రెండింటికీ సరిపడా డబ్బు నా దగ్గర లేదు. దేనికి ఖర్చు పెట్టడం న్యాయమో కారణాలతో సహా చెప్పగలరని ప్రార్థన.

పెన్నాతీరం, కడప

అనంత_పదం గారూ, మీరు ఇప్పుడు ఏదీ కొననక్కరలేదని నా అభిప్రాయం. గది కొలతలు, మైకు రకం, అన్నీ వివరంగా రాశారు గానీ, మీ నోటికీ మైకుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో రాయలేదు. మీ ప్రశ్నకు జవాబు ఆ దూరంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీ మాట మైకును రెండు దారుల్లో చేరుతుంది: నోటినుంచి నేరుగా వచ్చేది ఒకటి, గోడలకూ నేలకూ కప్పుకూ తగిలి తిరిగి వచ్చేది మరొకటి. నోటికీ మైకుకూ మధ్య దూరాన్ని సగానికి తగ్గిస్తే నేరుగా వచ్చే ధ్వని దాదాపు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, తిరిగి వచ్చే మోత మాత్రం ఇంచుమించు ఉన్నచోటనే ఉంటుంది. అడుగు దూరంనుంచి ఆరు అంగుళాలకు వస్తే 6, మూడు అంగుళాలకు వస్తే 12 డెసిబెళ్ల మేర మీ గొంతు గదిని దాటి ముందుకు వస్తుందన్నమాట. చెవి పక్కన చేరి మాట్లాడే మనిషి మాటలో ఇల్లు వినిపించదు, వసారా అవతలినుంచి పిలిచే మనిషి పిలుపులో ఇల్లంతా వినిపిస్తుంది. వినేవాడి చెవి దగ్గరితనాన్ని లెక్కగట్టేది ఈ తేడాతోనే గనుక, గది మోత కలిసిపోయిన గొంతును ఎంత బిగ్గరగా వినిపించినా అది దూరంనుంచి వచ్చిన బిగ్గర గొంతుగానే ఉండిపోతుంది.

వెచ్చదనం కూడా ఇక్కడే దొరుకుతుంది. కార్డియాయిడ్ మైకు (ముందువైపు ఎక్కువగా వినేది) ఏదైనా, నోటికి దగ్గరయ్యే కొద్దీ కింది స్థాయి (బేస్) ధ్వనులను ఎక్కువగా అందుకుంటుంది. దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. ఈక్యూలో మీరు పెంచినప్పుడు గొంతులోని నిండుదనంతో పాటు గది ఊపు (కొన్ని ధ్వనులను గది తానే పెంచి మోగించడం) కూడా పెరిగింది కాబట్టి డబ్బా మోత వచ్చింది. మైకుకు దగ్గరగా వచ్చినప్పుడు పెరిగేది ముఖ్యంగా గొంతు మాత్రమే.

ఇక గది సంగతి. మన ప్రాంతంలో కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ పరచని ఇల్లు అరుదు. ఎండాకాలంలో పాదానికి హాయినిచ్చే ఆ నున్నటి రాయే ధ్వనిని దాదాపు పూర్తిగా వెనక్కి కొడుతుంది. దానికి తోడు మీ గది మూడు వైపులా పది అడుగులే. అంటే 56, 112, 169 హెర్ట్జ్‌ల దగ్గర మూడు దిక్కుల ఊపూ ఒకదాని మీద ఒకటి కూడుకుంటుంది. మగగొంతు మూలస్వరం సాధారణంగా 85 నుంచి 180 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది గనుక, 112 సరిగ్గా మీ గొంతు మీదే కూర్చుంటుంది. గది నట్టనడుమ ఆ 112 అత్యంత బలంగా ఉంటుంది కాబట్టి దయచేసి అక్కడ నిలబడవద్దు. రెండు గోడలనుంచీ మూడడుగుల దూరంలో నిలబడి చూడండి.

ఇంట్లో పత్తి బొంతలు ఉంటే తీయండి. ఆదోని పత్తి మార్కెట్టుకు ఇంత దగ్గరలో ఉండి మనం పల్చటి నురగ పలకలకు డబ్బు పోయడం నాకు బాధగా ఉంటుంది. అయితే చాలామంది బొంతను మైకు వెనకాల కడతారు. కార్డియాయిడ్ మైకు తన వెనకవైపు అతి తక్కువగా వింటుంది; అది చూస్తున్నది మిమ్మల్ని, మీ వెనక ఉన్న గోడను. అందుచేత బొంత మీ వీపు వెనక, భుజాలకు ఇరుపక్కలా ఉండాలి. రెండు మూడు బొంతలను కలిపి, గోడకు జానెడు దూరం వదిలి వేలాడదీస్తే మరింత కింది స్థాయి వరకు పనిచేస్తాయి. ఒక్క దుప్పటి వేస్తే పై ధ్వనులు మాత్రమే చచ్చి, మందమైన మోత మిగులుతుంది. ఆ మందాన్నే వెచ్చదనమని పొరబడేవారు ఉన్నారు. గుడ్ల ట్రేలు అతికించడం వల్ల చెప్పుకోదగ్గ ఉపయోగం ఏమీ లేదు. కాళ్ల కింద మరొక బొంత, ముందున్న బల్ల మీద ఒక తువ్వాలు వేసుకోండి. బల్లనుంచి ఒక్క మిల్లీసెకను ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర మీ గొంతులో గుంటలు పెడుతుంది.

హంద్రీతీరం, కర్నూలు

పెన్నాతీరం గారు గది గురించి చెప్పినదంతా నేను అంగీకరిస్తాను. కానీ అది సగం మాట మాత్రమే. పరుపుల మధ్య నిలబడి, మైకుకు దగ్గరగా, పొడిగా రికార్డు చేసిన ర్యాప్ కూడా బీట్ మీద పెట్టగానే చిన్నబోవడం నేను ఎన్నోసార్లు విన్నాను. అంతేకాక, మూడు అంగుళాల దూరంలో ఒక ప్రమాదం ఉంది. అక్కడ తల ఒక్క అంగుళం వెనక్కి జరిగితే స్థాయి రెండున్నర డెసిబెళ్లు పడిపోతుంది, దానితో పాటు వెచ్చదనమూ పోతుంది. ఎనిమిది అంగుళాల దగ్గర అదే కదలికకు పోయేది ఒక్క డెసిబెల్. ర్యాప్ చెప్పేవాడు చేయి ఊపకుండా, తల ఆడించకుండా చెప్పలేడు, చెప్పకూడదు కూడా. పైగా మన యాసలో పాదానికి రెండుసార్లు వచ్చే 'ప్పా' ఆ దూరంలో మైకు మీద గాలిదెబ్బై పడుతుంది.

ర్యాప్ గొంతు ముందుండడం అంటే ప్రతి అక్షరం ఒకే ఎత్తులో, వినేవాడు వెతుక్కోనక్కరలేకుండా ఉండడం. ఆ పని కంప్రెసర్‌ది. ఒకే కంప్రెసర్‌తో 10 డెసిబెళ్లు అణచడం కంటే, వేగంగా పట్టుకునే ఒకటి శిఖరాలను 3 నుంచి 5 డెసిబెళ్లు, నెమ్మదిగా కదిలే మరొకటి మొత్తాన్ని 2 నుంచి 3 డెసిబెళ్లు తగ్గిస్తే గొంతు నలగదు. అటాక్ (శబ్దం పెరిగాక కంప్రెసర్ అణచడానికి పట్టే సమయం) విషయంలో మాత్రం ఓపిక కావాలి. 1967లో వచ్చిన 1176 అనే కంప్రెసర్ యంత్రానికి నకలుగా వచ్చిన ప్లగిన్లను అందరూ వాడుతున్నారు. దానిలో అటాక్ 20 మైక్రోసెకన్లనుంచి 800 మైక్రోసెకన్ల వరకే, అంటే అత్యంత నెమ్మదైన అటాక్ కూడా ఒక మిల్లీసెకనుకు లోపే. అంతేకాదు, ఆ మీటను కుడివైపు తిప్పితే అటాక్ వేగం పెరుగుతుంది. తెలియక కుడివైపు పూర్తిగా తిప్పి, క, ట, త, ప అక్షరాల మొనలన్నీ విరగ్గొట్టి, గొంతు వెనక్కి పోయిందని బాధపడేవారిని చూశాను. మొన మిగిలితేనే మాట ముందుంటుంది. రెండవ కంప్రెసర్‌లో అటాక్ 10 మిల్లీసెకన్ల దగ్గర ఉంచండి.

ఆ తరువాత కొద్దిపాటి సాచురేషన్ వేస్తే మూలస్వరానికి పై స్వరాలు తోడై, చిన్న ఫోన్ స్పీకరులో కూడా గొంతు నిండుగా వినిపిస్తుంది. వెచ్చదనాన్ని 80 హెర్ట్జ్‌ల దగ్గర వెతకవద్దు, అక్కడ బీట్‌లోని 808 బేస్ (డ్రమ్ యంత్రపు లోతైన మోత) ఉంటుంది. 80 నుంచి 100 లోపు కోసివేసి, 150 నుంచి 250 మధ్య ఏముందో చూసుకోండి.

ప్రొద్దుటూరు సౌండ్

పెళ్లి ఆర్కెస్ట్రాలకు సౌండ్ చూసే వృత్తిలో ఉన్నాను, అందుకని మైకు గురించి ఒక్క మాట చెబుతాను. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 డైనమిక్ మైకు ఈనాటికీ మా పెట్టెలో ఉంటుంది. పెదవికి ఆనించి పాడినా తట్టుకుంటుంది. ఇలాంటి గదులలో డైనమిక్ మైకుతో పొందిన ఫలితం కండెన్సర్‌తో నాకు రాలేదు. కొనేముందు మీ ఊళ్లో ఆర్కెస్ట్రావారి దగ్గర ఒక రాత్రికి అడిగి తెచ్చుకొని చూడండి. ఎస్‌ఎం7బి వంటి స్టూడియో డైనమిక్ మైకులకు వెళ్లాలనుకుంటే మాత్రం, వాటికి దాదాపు 60 డెసిబెళ్ల గెయిన్ (సిగ్నల్ పెంపు) కావాలని గుర్తుంచుకోండి. చిన్న ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి అంత ఇచ్చేసరికి వాటి సొంత రొద పైకి వస్తుంది.

పెన్నాతీరం, కడప

ప్రొద్దుటూరు మిత్రుని అనుభవాన్ని గౌరవిస్తూనే, దాని వెనక ఉన్న కారణంతో విభేదిస్తున్నాను. ఒకే దిశాలక్షణం (ఏ దిక్కునుంచి ఎంత వింటుందన్నది) ఉన్న డైనమిక్ మైకునూ కండెన్సర్‌నూ ఒకే దూరంలో పెట్టి, స్థాయిలు సమం చేస్తే, గొంతుకూ గది మోతకూ మధ్య నిష్పత్తి దాదాపు ఒకటే ఉంటుంది. డైనమిక్ మైకు పై ధ్వనులను తక్కువగా పట్టుకుంటుంది గనుక బండనుంచి వచ్చే గలగల కొంత మాసిపోతుంది, అది నిజమే. కానీ అసలు మేలు జరుగుతున్నది, దాన్ని అందరూ పెదవికి ఆనించి వాడుతున్నందువల్ల. కండెన్సర్‌ను రెండడుగుల దూరంలో పెట్టి, డైనమిక్‌ను రెండంగుళాల దూరంలో పెట్టి పోల్చడం న్యాయం కాదు.

హంద్రీతీరం గారూ, మూడు అంగుళాల గురించి మీరు చేసిన లెక్క సరైనదే, అయిదారు అంగుళాలకు నేను ఒప్పుకుంటాను. అయితే కంప్రెసర్ ముందో గది ముందో అన్న ప్రశ్నలో మాత్రం వెనక్కి తగ్గను. గట్టి అక్షరాలను మొత్తం మీద 8 డెసిబెళ్లు అణచి, ఆ తగ్గుదలను పూరించడానికి స్థాయిని 8 పెంచినప్పుడు, అక్షరాల నడుమ ఉన్న గది మోతా ఫ్యాను రొదా కూడా 8 డెసిబెళ్లు పైకి వస్తాయి. ఈ బాధ తెలుగులో ఎక్కువ. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. హల్లుతో ఠక్కున తెగే భాషలకు ముందే అమర్చి తయారుచేసిన ప్రీసెట్‌ను మన గొంతు మీద పెడితే, ప్రతి పదం చివరి అచ్చునూ దాని వెనకాల వచ్చే ఊపిరినీ గది తోకనూ కంప్రెసర్ పైకి లాగుతుంది. పదాల మధ్య ఖాళీ పూడిపోయి, ప్రాస పడిన చోటు తెలియకుండా పోతుంది. సీమ పలుకులోని పదును నాకు ప్రాణం. అది మసకబారడం నేను భరించలేను. అందుకే ముందు గది, దూరం, ఆ తరువాతే యంత్రం అంటున్నాను.

ఫ్యాను ఆపి రికార్డు చేయడం మే నెలలో ఎంత కష్టమో కడపవాడిగా నాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవండి, వీధి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది.

హంద్రీతీరం, కర్నూలు

అచ్చుల విషయం నేను ఆలోచించనిది, ఒప్పుకుంటున్నాను. కంప్రెసర్ అణచడం వదిలే సమయాన్ని, అంటే రిలీజ్‌ను బీట్ వేగానికి తగినట్లు చెవితో సరిచూసుకోవాలి. మరొక మాట చెప్పి విరమిస్తాను. ఇంటర్నెట్‌నుంచి తెచ్చుకున్న బీట్లు అప్పటికే మాస్టరింగ్ (చివరి మెరుగుదిద్దుడు) అయి, స్థాయి అంచుకు తాకి ఉంటాయి. దానిపైన గొంతు పెట్టడానికి చోటే ఉండదు. గొంతు మీటను పైకి తోసే ముందు బీట్‌ను 6 నుంచి 8 డెసిబెళ్లు దించి, దానిలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఒకటి రెండు డెసిబెళ్లు తగ్గించి వినండి. రికార్డింగులో కూడా తొందరపడి గెయిన్ పెంచవద్దు. 24 బిట్‌లో శిఖరాలు మైనస్ 10 డెసిబెళ్ల దగ్గర ఉన్నా నష్టమేమీ లేదు. రివర్బ్ (కృత్రిమ గది మోత) పూర్తిగా తీసివేసి, అవసరమైతే 100 మిల్లీసెకన్ల చిన్న డిలేను (ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనిని) వినీవినిపించనంతగా ఉంచండి.

అనంత_పదం, అనంతపురం

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంతవరకు నేను అడుగున్నర దూరంలో, గది నట్టనడుమ నిలబడి చెబుతున్నానని ఇప్పుడు కొలిచి తెలుసుకున్నాను. నిన్న తెల్లవారుజామున ఒకే పదహారు పాదాలను నాలుగు సార్లు చెప్పాను: పాత చోటునుంచి ఒకటి; మూల వైపు జరిగి, వీపు వెనక మా అమ్మ కుట్టిన మూడు బొంతలు కట్టి, ఆరు అంగుళాలనుంచి ఒకటి; మూడు అంగుళాలనుంచి ఒకటి; ఆర్కెస్ట్రా మిత్రుని డైనమిక్ మైకుతో ఆరు అంగుళాలనుంచి ఒకటి. స్థాయిలన్నీ సమం చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు వినిపించాను. పాత చోటుది ఎవరికీ నచ్చలేదు. ఆరు అంగుళాల కండెన్సర్‌కూ డైనమిక్‌కూ తేడా ఉంది గానీ, గది విషయంలో కాదు, గొంతు రంగులో మాత్రమే. మూడు అంగుళాలది అన్నిటికంటే దగ్గరగా ఉంది, కానీ 'ప్పా' వచ్చిన ప్రతిచోటా దెబ్బ పడింది. బీట్‌ను 7 డెసిబెళ్లు దించిన తరువాత, హంద్రీతీరం గారు చెప్పిన రెండు కంప్రెసర్లూ వేస్తే, గొంతు మొదటిసారి నా ముఖం ముందుకు వచ్చింది. డబ్బు ఇంకా జేబులోనే ఉంది.

ఒక్కటి మాత్రం లొంగలేదు. 'చిన్న', 'చెట్టు' బాగానే ఉన్నాయి. 'చుక్క', 'చొక్కా', 'జొన్న' అన్నప్పుడు మాత్రం దంతాల దగ్గర ఈల వస్తోంది.

పెన్నాతీరం, కడప

అవి దంత్య చకార, జకారాలు, వాటిలో 'స' వంటి గాలి కలిసి ఉంటుంది. 'స' వంటి ఈలను అణచే డీఎస్సర్‌ను 6 నుంచి 8 కిలోహెర్ట్జ్‌ల దగ్గర పెట్టేముందు, మైకును నోటి మధ్యకు కాకుండా పెదవుల మూల వైపు పక్కనుంచి వాల్చి, అదే ఆరు అంగుళాలలో 'జొన్నచేను' అని పదిసార్లు చెప్పి వినండి. రేపటి టేక్ ఇక్కడ పెడితే హంద్రీతీరం గారూ నేనూ ఇద్దరమూ వింటాం.