సిటీ ఈ చివర నుంచి ఆ చివరికి బస్సులో, ఎలా ఎంజాయ్ చేస్తారు?

ప్రశ్న: వారానికోసారి రెండు గంటలు సిటీ బస్సులో వెళ్లాలి. ఫోన్ చూస్తే తల తిరుగుతోంది. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1: ఫోన్ చూస్తుంటే కళ్లకు కదలిక కనిపించదు, లోపలి చెవికేమో బస్సు ఊగడం తెలుస్తూనే ఉంటుంది, ఆ తేడాకే తల తిరిగేది. ముందువైపు కూర్చుని దూరంగా రోడ్డు చూడండి. వెనక చక్రాల మీది సీటు వద్దు, కుదుపులెక్కువ.

జవాబు 2: నాకు కిటికీ సీటు దొరికితే చాలు. పొద్దున ఉత్తరం వైపు వెళ్తుంటే ఎండ కుడిపక్క పడుతుంది, ఎడమపక్క కూర్చోండి. ఓసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మేడ మీద ఒకావిడ తడి దుప్పటి దులిపితే ఆ తుంపర ఎండలో మెరిసింది, ఇప్పటికీ కళ్లముందే ఉంది.

జవాబు 3: బస్సు బయల్దేరే చోటే ఎక్కండి, సీటు టెన్షన్ ఉండదు.